ఎడమవైపు బ్రేక్ లైటు

ఆరేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. దాని నిడివి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో నేను చేసిందల్లా నోరు మూసుకుని నిలబడటం. బడిలో మాస్టార్లు ఎంత బతిమాలినా నాకు చేతకాని పని అది. సరిగ్గా మాట్లాడాల్సిన రోజున మాత్రం చక్కగా వచ్చేసింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలా అయితేనే ఈ విషయం బయటికి వస్తుంది. ఎదురుగా మనిషి కనిపిస్తే నేను జోకు వేస్తాను. కాలేజీలో అందుకు నాకు పేరుండేది. ఇప్పుడు తిరిగి చూసుకుంటే వాటిలో సగం ఏదో ఒకటి దాచడానికి వేసినవే. ఇక్కడ కూడా ఒకటి రెండు దొర్లుతాయి. అవి వచ్చిన చోట కాస్త ఆగి, వీడు దేన్ని దాటేస్తున్నాడు అని చూడండి.

మేం ఉండేది నేవన్‌లో. నాకు పదహారేళ్ళప్పుడు నాన్న ఉద్యోగం మమ్మల్ని గుంటూరు నుంచి ఐర్లండ్ తెచ్చింది. ఇక్కడే బయోటెక్నాలజీలో డిగ్రీ చేశాను. ఆ తర్వాత ఏడాదిపాటు ఉద్యోగాల కోసం వెతికాను. అవి కూడా అంతే పట్టుదలగా నన్ను తప్పించుకున్నాయి. ఆ ఏడాదంతా నిరుద్యోగ భృతి మీద ఉన్నాను. ఈ సంగతి మన తెలుగువాళ్ళలో ఎవరికీ తెలియకుండా నాన్న చాలా శ్రద్ధ తీసుకున్నారు.

ఏడాది నిండగానే ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఊరికి సేవ చేసే అవకాశాన్ని మీకు అందిస్తున్నాం, పన్నెండు నెలలు, వారానికి పందొమ్మిదిన్నర గంటలు. అవకాశం అనే రాశారు. వద్దంటే భృతికి ఏమవుతుందో మాత్రం రెండో పేజీలో, కొంచెం చిన్న అక్షరాల్లో ఉంది. పందొమ్మిది మీద ఆ అరగంట దేనికో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను వేసింది వృద్ధుల డే సెంటర్‌లో. పొద్దున్నే వ్యాన్ మూడు నాలుగు విడతలుగా వెళ్ళి చుట్టుపక్కల పల్లెల నుంచి పెద్దవాళ్ళను తీసుకొస్తుంది. టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం వేడి భోజనం, కాసేపు బింగో, అంటే మన తంబోలా, నాలుగింటికి మళ్ళీ ఎవరిళ్ళలో వాళ్ళు. దాన్ని నడిపేది బెర్నీ అనే ఆవిడ. అరవై దాటాయి, ఇంటా బయటా అదే పెద్ద గొంతు. మొదటి రోజు నా మొహం చూసి, “ఎవరూ చచ్చిపోలేదు బాబూ, కాస్త నవ్వు” అంది. నేను నవ్వలేదు. నేను పట్టభద్రుణ్ణి.

నాన్న ఆ ఉగాది వేడుకలో అందరికీ ఇలా చెప్పారు: “మావాడు గవర్నమెంట్ ప్రాజెక్టులో ఉన్నాడండీ. ఏడాది కాంట్రాక్టు.” గమనించండి, అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఈ విద్య నాకు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒకావిడ గట్టిగా అందుకుంది. “మీ పిలగాడు గూడ ఆడనేనా అన్నా? మా వోడూ ఆడనే! ముసలోళ్ళకు అన్నం వెడ్తుండ్రు ఇద్దరు. పున్నెం గదా!”

ఆవిడ సరోజ ఆంటీ. వాళ్ళది కరీంనగర్ దగ్గర పల్లె. భర్త పోయాక ఈ దేశం వచ్చి, ఒక నర్సింగ్ హోమ్‌లో, మన లెక్కన వృద్ధాశ్రమంలో, కేరర్‌గా చేరింది. కొన్నాళ్ళకు కొడుకును తెచ్చుకుంది. ఆ కొడుకే మహేందర్. నా ఈడువాడే. ఇక్కడే ఇంజనీరింగ్ చదివాడు. నాకు వచ్చిన ఉత్తరమే వాడికీ వచ్చింది. నేను చేరిన వారమే చేరాడు. ఒక తేడా ఉంది. వాడు ఆ ఉత్తరాన్ని మొదటి పేజీలోనే నమ్మేశాడు.

ఇక్కడి నుంచి అసలు విషయం. రాయాలంటే చెయ్యి కొంచెం నెమ్మదిస్తోంది.

నాకు ఆ సెంటర్ ఇష్టం లేదు. ఆ ఉడకబెట్టిన క్యాబేజీ వాసన ఇష్టం లేదు. అక్కడ నేనున్నానని ఎవరికీ తెలియడం ఇష్టం లేదు. అయినా అక్కడ అందరికన్నా నేనే మెరుగనిపించుకోవాలి. ఎందుకు? ఇష్టం లేని పోటీలో కూడా మొదటి స్థానం నాదే కావాలనుకునే మనిషిని ఏమంటారు? ఆ మాట నాకు తెలుసు. ఆరేళ్ళుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. అసూయపరుడు అంటారు. రాసేశాను, చూశారా. పెద్ద కష్టమేం కాలేదు.

బింగో అంకెలు పిలిచే పని మొదట నాకిచ్చారు. నేను ప్రతి అంకెకూ ఒక జోకు తయారు చేసుకుని వెళ్ళాను. పాతిక మంది పెద్దవాళ్ళు నా వైపు మర్యాదగా చూశారు. ఒకాయన మాత్రం, కొంచెం గట్టిగా చెబుతావా, అంకె మిస్సయింది అన్నాడు. మరుసటి వారం మహేందర్ పిలిచాడు. ఉత్త అంకెలు. వాడి ఇంగ్లీషు వాళ్ళకు సగం అర్థం కాలేదు. “ఏమన్నాడు?” అని కాథ్లీన్ అడిగింది. ఆవిడ రిటైరైన టీచరు, ఎనభై దాటాయి. వాడు మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అర్థం కాలేదు. వాడు వేళ్ళు చూపించాడు. మూడో అంకెకి గది మొత్తం నవ్వుతోంది, వాడితో సహా. ఒక్క జోకు కూడా వేయకుండా.

నా వృత్తి అది. అక్కడ దెబ్బ తగిలింది.

నేను వంటగదిలో ప్రెస్ తలుపుకి ఒక పట్టిక అతికించాను. ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. ఎవరికి ఎన్ని చెంచాల చక్కెర, ఎవరికి పాలు వద్దు, అన్నీ గళ్ళు గీసి రాశాను. బెర్నీ మెచ్చుకుంది. మహేందర్ దానివైపు చూసేవాడు కాడు. టామీ అనే ఆయనకు చెయ్యి వణుకుతుంది. వాడు ఆయనకు సగం కప్పే పోసి, అది అయ్యాక మళ్ళీ సగం పోసేవాడు. ఒలకదు. ఎవరూ చెప్పలేదు వాడికి. నా పట్టికలో ఆ గడి లేదు.

వేసవికల్లా నేను గది లోపలికి వెళితే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, మాహీ రాలేదా అని. మహేందర్‌కు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఇంట్లో నాన్న కూడా మొదలుపెట్టారు. “ఆ మహేందర్‌ని చూడు. నీకన్నా మూడేళ్ళు లేటుగా వచ్చాడు ఈ దేశానికి.” చూడమంటే చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. అదే కదా బాధ.

ఏడాది ముగియబోతుండగా సెంటర్‌కు ఒక శాశ్వత ఉద్యోగం మంజూరైంది. పెద్దవాళ్ళను తీసుకొచ్చే ఎనిమిది సీట్ల వ్యాన్ నడపడం, పగలంతా వాళ్ళను చూసుకోవడం. బెర్నీ మనసులో ఉన్నది మహేందర్. ఆ మాట దాచలేదు కూడా. అయితే వాడికి ఉన్నది లెర్నర్ పర్మిట్. ఫలానా తేదీకి పూర్తి లైసెన్సు చేతిలో ఉంటే తప్ప వ్యాన్ ఇన్సూరెన్సు కుదరదు. టెస్టు తేదీ దానికి వారం ముందు దొరికింది. తప్పితే మళ్ళీ నెలలు ఆగాలి.

“నీకు లైసెన్సు ఉందిగా, వాడి పక్కన కూర్చుని నేర్పించు” అంది బెర్నీ నాతో. లెర్నర్ పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలని ఇక్కడి నియమం. సరోజ ఆంటీకి కారు లేదు. నాన్న తన పాత కారు ఇచ్చారు, ఇన్సూరెన్సులో మహేందర్ పేరు చేర్పించారు. అంత ఉత్సాహం ఆయనలో నేను అరుదుగా చూశాను.

రెండు నెలలు వాడి పక్కన కూర్చున్నాను. వాడు బాగా నడిపేవాడు. నేను బ్రేక్ అనేలోపే వేసేవాడు. నడుపుతూ మాట్లాడేవాడు. “ఈ పనొక్కటి దొరికితే సాలు మామా. అమ్మ నడుము వోయింది. ఆ నర్సింగ్ హోమ్‌ల మనుషుల్ని లేపుడు బంద్ జేపిస్త. ఇంట్ల కూసోబెడ్త.” గేరు మార్చి మళ్ళీ అనేవాడు. “నాకిష్టమే ఈ పని. ఇంజనీరింగ్ జదివి గిదేందని నవ్వుతరు గని, నాకిష్టమే.”

నేను నవ్వలేదు. ఎడమవైపు తిప్పు అన్నాను.

టెస్టుకు ముందురోజు సాయంత్రం సరుకుల కోసం వెళ్ళి, సూపర్‌మార్కెట్ అద్దం ముందు కారు రివర్స్ చేస్తున్నాను. అద్దంలో ఒకటే ఎర్ర దీపం కనిపించింది. మళ్ళీ తొక్కాను. ఒకటే. ఎడమవైపు బ్రేక్ లైటు పోయింది. టెస్టు మొదలయ్యే ముందు పరీక్షకుడు కారు చుట్టూ తిరిగి లైట్లు చూస్తాడు. ఒక్కటి వెలగకపోయినా టెస్టు పెట్టడు. ఇది నాకు బాగా తెలుసు, ఆ రెండు నెలల్లో మహేందర్‌కు చెప్పింది కూడా నేనే.

బల్బు కొన్నాను. ఇది రాయడం నాకు ముఖ్యం. కొన్నాను. మార్చే ఉద్దేశం లేకపోతే కొంటానా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు కాపాడింది. బల్బు జాకెట్ జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. అమ్మ భోజనం వడ్డిస్తోంది. నాన్న ఫోన్‌లో ఎవరితోనో అంటున్నారు, “రేపు మహేందర్ పాసైతే మా ఇంట్లోనే పార్టీ. మన బిడ్డలాంటివాడు.”

నేను లైసెన్సు టెస్టు పాసైన రోజున ఫోన్ చేస్తే నాన్న, “సరే, వచ్చేటప్పుడు పాలు తీసుకురా” అన్నారు.

దీనికోసమా? ఇంత చిన్నదానికా? నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. పెద్ద కారణం ఏదైనా ఉంటుందని లోపల వెతికాను, మనిషన్నాక కాస్త గౌరవప్రదమైన కారణం ఉండాలి కదా అని. లేదు. పాలే. పాలు, బింగో, సగం కప్పు టీ. నా దగ్గర ఉన్న కారణాలన్నీ అవే.

భోజనం చేశాను. మహేందర్ ఫోన్ చేసి, కారంతా మంచిగున్నది గదా మామా అని అడిగాడు. గ్రాండ్ అన్నాను. ఈ దేశంలో ఎవరికైనా ఏదీ వివరంగా చెప్పదలచుకోకపోతే వాడే మాట అది. బల్బు పొద్దున మార్చవచ్చులే అనుకున్నాను. మార్చడానికి పట్టేది మూడు నిమిషాలు. పొద్దున లేచి స్నానం చేసి, తీరిగ్గా కాఫీ తాగాను. మార్చలేదు.

వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి సరోజ ఆంటీ బయట నిలబడి ఉంది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ. కారుకు పూజ చేస్తుందట. ఇందులో వింతేమీ లేదు, మనవాళ్ళు ఎవరైనా చేస్తారు. కానీ ఆవిడకు అది మామూలు పూజ కాదు. భర్త పోయిన తర్వాత ఊళ్ళో ఆవిడను ఏ శుభకార్యంలోనూ చేయి పెట్టనివ్వలేదు. సొంత కొడుకు పదో తరగతి పరీక్షకు వెళుతుంటే కూడా ఎదురు రావద్దని అత్తగారు లోపలి గదిలో కూర్చోబెట్టిందట. ఆ పొద్దున ఆవిడే నవ్వుతూ చెప్పింది. “ఊర్లయితే నన్ను ముట్టనియ్యకపోదురు. ఈడ ఎవలు జూస్తరు బిడ్డా? నా కొడుక్కు నేనే జేసుకుంట.”

ఎనిమిదేళ్ళ తర్వాత ఆవిడ తన చేత్తో చేసిన మొదటి పూజ అది.

బానెట్ మీద బొట్లు పెట్టింది. వెనక్కి వచ్చి డిక్కీ మీద, రెండు లైట్ల పక్కన కూడా పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు కారు చుట్టూ చల్లి, మిగిలినవి వెనకవైపు పోసింది. ఎదురింటి ఐరిష్ ఆయన కుక్కను తీసుకెళుతూ ఆగి, చివరిదాకా చూసి, “గుడ్ లక్ ల్యాడ్స్” అని వెళ్ళాడు. నేను జేబులో చేయి పెట్టుకుని నిలబడ్డాను. ఆంటీ నా నుదుటన కూడా బొట్టు పెట్టింది.

ఇప్పుడు ఆ అయిదు నిమిషాలు.

టెస్ట్ సెంటర్ ముందు పరీక్షకుడు కారు వెనక నిలబడి మహేందర్‌ను బ్రేక్ తొక్కమన్నాడు. మళ్ళీ తొక్కమన్నాడు. ఎడమవైపు వెలగడం లేదు, ఇలాగైతే తీసుకెళ్ళలేను అన్నాడు. మహేందర్ కారు దిగి వచ్చి చూశాడు. వాడి మొహం నేను వర్ణించను. పరీక్షకుడు మంచివాడే. వాచీ చూసుకుని, అయిదు నిమిషాల్లో బల్బు మార్చగలిగితే టెస్టు పెడతాను, అంతకు మించి ఆగలేను అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నీ దగ్గర స్పేర్ ఏమైనా ఉందా అని అడిగాడు.

నేను తల అడ్డంగా ఊపాను. నోరు తెరవలేదు.

“ఏడ దొరుకుతది మామా?” అన్నాడు మహేందర్. రోడ్డు చివర పెట్రోల్ బంకు వైపు చూపించాను. వాడు పరుగెత్తాడు. తెల్ల చొక్కా, ఆంటీ పొద్దున ఇస్త్రీ చేసింది. ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది, చాలా దూరం దాకా వాడు కనిపిస్తూనే ఉన్నాడు. నా కుడిచేయి జేబులో ఉంది. బల్బు దాని అట్టపెట్టెతో సహా నా పిడికిట్లో ఉంది. ఒక్క మాట చాలు. ఇదిగో, ఉంది, మర్చిపోయాను అనొచ్చు. ఎవరూ అనుమానించరు. నవ్వుతారు కూడా. ఆ రోజు నాకు దొరికినంత సులువైన జోకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. రెండు నిమిషాలు. మూడు. ఇప్పుడైనా అనొచ్చు. నాలుగు. పరీక్షకుడు వాతావరణం గురించి ఏదో అన్నాడు. నేను తల ఊపాను. అయిదు. ఆయన నాతో సారీ చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. నాతో!

మహేందర్ పదకొండో నిమిషంలో వచ్చాడు. సరైన బల్బే తెచ్చాడు.

దాన్ని నేనే మార్చాను, అక్కడే. మూడు నిమిషాలు పట్టింది. నా జేబులోది మర్నాడు సెంటర్‌లో పాత బల్బులు, బ్యాటరీలు వేసే డబ్బాలో వేశాను. తప్పు చేసినా పద్ధతిగా చేశాను.

ఇంతవరకే అయితే నేను దీన్ని ఎప్పుడో మర్చిపోయేవాణ్ణేమో. మనుషులు ఇంతకన్నా పెద్దవి మర్చిపోయి హాయిగా బతుకుతున్నారు. కానీ మేం ఇంటికి తిరిగి వెళ్ళాం. ఆంటీ గుమ్మంలోనే ఉంది. మహేందర్ తిన్నగా లోపలికి వెళ్ళాడు. నేను చెప్పాను, బ్రేక్ లైటు వెలగలేదు, టెస్టు పెట్టలేదని. ఆవిడ కారు వెనక్కి నడిచింది. డిక్కీ మీద పసుపు ఇంకా తడిగా ఉంది. చాలాసేపు దానివైపు చూసింది.

“నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా లైటు?”

“ఉండేది ఆంటీ.”

“కొబ్బరినీళ్ళు లోపటికి వోయినయేమో. నీళ్ళు వోతె లైటు వోతదా బిడ్డా?”

ఇక్కడ పరీక్షకుడు లేడు, వాచీ లేదు. ఎంతసేపైనా ఆగొచ్చు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, డాక్టరు దగ్గర చూసినట్టు.

“పోవచ్చు ఆంటీ” అన్నాను.

ఆవిడ చేతుల వైపు చూసుకుంది. కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది. “మా అత్త జెప్పనే జెప్పె” అంది మెల్లగా. తర్వాత కారు పాడుచేసినందుకు నాన్నకు సారీ చెప్పమంది నాతో.

మీరు నన్ను దేనికి అసహ్యించుకోవాలో తేల్చుకోలేకపోతుంటే, దీనికి. బల్బు అసూయ వల్ల. ఆ ‘పోవచ్చు’ దేనివల్ల? మహేందర్ మీద ఉన్న కుళ్ళు ఆవిడ మీద లేదే. నాకు ఆవిడంటే ఇష్టం. ఒక నేరం నా తలుపు దగ్గర నిలబడి ఉంటే, పక్కింటావిడ వచ్చి, ఇది నాదేమో అంది. తీసుకుపొమ్మన్నాను. అంతకన్నా అందులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

మిగతాది మీరు ఊహించగలరు. బెర్నీ నన్ను పిలిచి, నీకు లైసెన్సు ఉందిగా, నువ్వు చేరతావా అంది. ఆలోచించుకుంటాను అన్నాను. మర్యాదకు ఒక రోజు ఆలోచించాను. మహేందర్ మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నిజంగానే సంతోషించాడు, అదే నేను భరించలేకపోయింది. కుళ్ళుకుని ఉంటే మేమిద్దరం సమానమయ్యేవాళ్ళం. కాథ్లీన్ మాత్రం నెలల తరబడి వ్యాన్ ఎక్కుతూ, మాహీ ఎప్పుడొస్తాడు అని అడిగేది. త్వరలో అనేవాణ్ణి.

వాడు అయిదు నెలల తర్వాత టెస్టు పాసయ్యాడు. అప్పటికి సెంటర్‌లో ఆ ఉద్యోగం ఖాళీ లేదు. ఇప్పుడు డబ్లిన్ అవతల ఒక గిడ్డంగిలో షిఫ్టు సూపర్‌వైజర్. పెళ్ళయింది. ఆడమ్స్‌టౌన్‌లో ఫ్లాటు. వాడి జీవితం నాశనం కాలేదు. అలా అయ్యుంటే నా కథ సులువుగా ఉండేది. వాడికి ఇష్టమైన పని ఒకటి ఉండేది, ఇప్పుడు అది నేను చేస్తున్నాను, అంతే. ఇబ్బందికరమైన విషయం ఏమిటంటే, నేను దాన్ని బాగా చేస్తున్నాను. ఎవరికి సగం కప్పు పోయాలో నాకు ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది, ఎవరిని అంటున్నారో అని.

ఆంటీ ఇంకో రెండేళ్ళు నర్సింగ్ హోమ్‌లో మనుషుల్ని ఎత్తింది, నడుముకు ఆపరేషన్ అయ్యేదాకా.

కరీంనగర్‌లో మహేందర్ పెళ్ళి. నేను వీడియో కాల్‌లో చూశాను. తల్లి చేతులతోనే అన్నీ జరగాలని వాడు పట్టుబట్టాడట. చుట్టాలు కూడా చివరికి ఒప్పుకున్నారు. ఆవిడే ఒప్పుకోలేదు. ఒక స్తంభం పక్కన, కెమెరాకు సగం కనిపించేలా నిలబడింది. తర్వాత వాడు నాతో అన్నాడు. “ఒకపాలి జూసినం గదరా అంటది మామా. గా లైటు ముచ్చట ఇంకా ఇడుస్తలేదు.” నేను ఏదో జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు. వాడు నవ్వాడు.

పోయిన నెల వాడు మొదటిసారి సొంత కారు కొన్నాడు. పూజకు నన్ను పిలిచాడు. ఫ్లాట్ల కింద పార్కింగ్‌లో వాడి భార్య పళ్ళెం పట్టుకుని ఉంది. ఆంటీ మెట్ల మీదే ఆగిపోయింది. చేతులు కొంగు కింద పెట్టుకుంది. రమ్మని మేం ముగ్గురం పిలిచాం. తల అడ్డంగా ఊపింది. కొబ్బరికాయ కోడలి చేతిలో నుంచి నాకు ఇప్పించింది.

“నువ్వు గొట్టు బిడ్డా. నీ చెయ్యి మంచిది.”

కొట్టాను. సరిగ్గా రెండు ముక్కలైంది, ఏ వంకా లేకుండా. అందరూ మంచి శకునం అన్నారు.

ఆ తర్వాత మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను, చెప్పాలనే. మూడుసార్లూ ఆవిడ భోజనం పెట్టింది. మూడుసార్లూ తిని వచ్చాను. అందుకే ఇలా రాస్తున్నాను. మన తెలుగు అసోసియేషన్ వేసే ఈ పత్రికను ఆవిడ ప్రకటనలతో సహా చదువుతుందని నాకు తెలుసు. పేరు వేయొద్దని అడిగాను. మీకు నేనెవరో తెలియదు. ఆ ఇంట్లో ముగ్గురికి మాత్రం ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఇలా పత్రిక చాటున చెప్పడం కూడా పిరికితనమే. కాదనను. దీన్ని చదివాక మహేందర్ నాతో మాట్లాడకపోవచ్చు. బెర్నీకి వాడు చెప్పొచ్చు. చెప్పాలి కూడా. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆవిడ క్షమించేస్తుంది, భోజనం కూడా పెడుతుంది. అందుకే అడగడం లేదు. రాసినంతసేపూ భుజాల దగ్గర ఏదో కొంచెం వదులైంది. అంతకన్నా నాకు రావలసింది ఏమీ లేదు.

ఇక మీరు కాదు, ఆవిడ.

ఆంటీ, లైటు ముందురోజు సాయంత్రమే పోయింది. నేను నా కళ్ళతో చూశాను. మీరు పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చేసరికే అది వెలగడం లేదు. నీళ్ళ వల్ల కాదు. మీ చేతుల వల్ల కాదు.